మెట్‌ఫార్మిన్ ఈఆర్ మాత్ర: ఎన్ విలువ 0.51 వచ్చింది, దీంతో ఏం చేసుకోవాలి?

గుంటూరు_ఎంఫార్మ్:

అందరికీ నమస్కారం. ఎంఫార్మ్ ఫార్మాస్యూటిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ప్రాజెక్టు మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ 500 మి.గ్రా. ఎక్స్‌టెండెడ్ రిలీజ్ మాత్ర. మొత్తం బరువు 900 మి.గ్రా., అందులో హెచ్‌పీఎంసీ కె100ఎం (నీళ్లలో ఉబ్బి జెల్‌గా మారే పాలిమర్) 300 మి.గ్రా., మిగతాది ఎంసీసీ (మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్), బైండర్, మెగ్నీషియం స్టియరేట్. 12 మి.మీ. ఫ్లాట్ పంచ్, మందం 6.6 మి.మీ. డిజొల్యూషన్ పరీక్షకు పాడిల్, 100 ఆర్‌పీఎం, పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్, 37 డిగ్రీలు.

రిలీజ్ ఇలా వచ్చింది: 1 గంటకు 28 శాతం, 2కి 40, 4కి 59, 6కి 73, 8కి 84, 10కి 92, 12కి 96.

జీరో ఆర్డర్, ఫస్ట్ ఆర్డర్, హిగుచి, కోర్స్‌మేయర్-పెపాస్ అన్నీ వేశాను. పెపాస్ ఎన్, అంటే రిలీజ్ కాలానికి ఎన్నో ఘాతంగా పెరుగుతుందో చెప్పే సంఖ్య, 0.51. మా గైడ్ "0.45కీ 0.89కీ మధ్య ఉంది కాబట్టి అనామలస్ ట్రాన్స్‌పోర్ట్ అని రాసెయ్" అన్నారు, అంటే డిఫ్యూజన్, పాలిమర్ ఉబ్బడం రెండూ కలిసి మందును బయటికి పంపుతున్నాయని. రాశాను. ప్రీ-వైవాలో బయటి నుంచి వచ్చిన మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు: "ఈ 0.51 తెలిసింది కదా, రేపు మాత్ర సైజు మారిస్తే రిలీజ్ ఎంతొస్తుందో చెప్పగలవా?" నా దగ్గర సమాధానం లేదు.

ఇంటర్‌లో ఎంపీసీ కాదు, బైపీసీ. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు బీఫార్మ్ మొదటేడు చదివినంతే. పైథాన్ కొంచెం వచ్చు. మాత్ర ఉబ్బడం, కరగడం, మందు బయటికి రావడం, ఈ మూడూ కలిపిన అసలు మోడల్ నా స్థాయిలో చేయగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

---

జీడిమెట్ల_ఆర్‌అండ్‌డీ:

చెల్లెమ్మా, అంత లోతుకు అవసరమా? డీడీసాల్వర్ అని ఎక్సెల్‌లో వేసుకునే యాడ్-ఇన్ ఉంది. 2010 నుంచీ ఉచితమే. డేటా పడేస్తే అన్ని మోడళ్లూ వేసి ఏఐసీ (మోడళ్లను పోల్చే కొలత) కూడా ఇస్తుంది. ఆర్ స్క్వేర్ బదులు ఏఐసీ తక్కువ వచ్చింది తీసుకో. ఇన్నోవేటర్ (ఆ మందును మొదట తెచ్చిన కంపెనీ) మాత్రతో ఎఫ్2 లెక్క వేసి 50 దాటిందని చూపించు. 85 శాతం దాటాక ఒక్క పాయింటే తీసుకోవాలి, అది మర్చిపోకు. మా దగ్గర ఫార్ములేషన్ డెవలప్‌మెంట్‌లో రోజూ చేసేది ఇదే. వైవాకి ఇది చాలు.

---

పాత_ఫార్ములేటర్:

పై తమ్ముడు చెప్పింది వైవా గట్టెక్కడానికి సరిపోతుంది. ఆ మేడమ్ ప్రశ్నకు మాత్రం సరిపోదు. ఎఫ్2 అనేది రెండు గీతలు దగ్గరగా ఉన్నాయా అని చెప్పే కొలత. సైజు మారిస్తే ఏమవుతుందో అది చెప్పదు. ఆవిడ ఎవరో గానీ అడగాల్సింది అడిగారు.

ముందు మీ 0.51 సంగతి చూద్దాం. మీ అంకెలు నేనూ వేసి చూశాను. ఏడు పాయింట్లూ కలిపి లాగ్-లాగ్ గీస్తే వాలు 0.51 నిజమే. కానీ ఆ సమీకరణం మొదటి 60 శాతం రిలీజ్ వరకే పనికొస్తుంది. ఆ హద్దు పెడితే మీకు మిగిలేవి 1, 2, 4 గంటల పాయింట్లు మూడే. వాటి వాలు 0.54. మూడు పాయింట్ల నుంచి రెండు తెలియని సంఖ్యలు రాబట్టి, పక్కన ఆర్ స్క్వేర్ 0.99 అని బోల్డ్‌లో కొట్టే అలవాటు మన థీసిస్‌లలో ఎప్పుడు పోతుందో.

ఇంకో తిరకాసు ఉంది. డిఫ్యూజన్ ఒక్కటే నడిపిస్తే ఎన్ విలువ పలకకు 0.5, సిలిండర్‌కు 0.45, గోళానికి 0.43. పాలిమర్ ఉబ్బడం ఒక్కటే నడిపిస్తే వచ్చే అవతలి హద్దులు 1, 0.89, 0.85. మీ మాత్ర 12 మి.మీ. వెడల్పు, 6.6 మి.మీ. మందం. అది పలకా, సిలిండరా? పలక అంటే మీ 0.51 దాదాపు ఫికియన్, అంటే డిఫ్యూజన్ ఒక్కటే. సిలిండర్ అంటే అనామలస్. మాత్ర అదే, డేటా అదే, పేరు పెట్టేదాన్ని బట్టి మెకానిజం మారిపోతోంది. వ్యాసానికీ మందానికీ ఉన్న నిష్పత్తి మారితే ఈ హద్దే జరుగుతుందని రిట్గర్, పెపాస్ 1987లోనే గ్రాఫ్ గీసి చూపించారు. మన కాలేజీలకు పట్టిక వచ్చింది, గ్రాఫ్ రాలేదు.

హిగుచి కూడా అంతే. 1961లో ఆయన రాసింది ఆయింట్‌మెంట్ పొరలో తేలుతున్న మందు గురించి. కరగని మందు వెనకాల దండిగా నిల్వ ఉండాలి, పొర మందం మారకూడదు. మెట్‌ఫార్మిన్ నీళ్లలో ఇట్టే కరిగే సరుకు, మీ మాత్రేమో ఉబ్బుతుంది. రెండు షరతులూ పోయాయి. మరి √కాలం గీత అంత చక్కగా ఎందుకు పడింది అంటారా? మామూలు ఫిక్ డిఫ్యూజన్ కూడా మొదటి సగం వరకు √కాలంలాగే నడుస్తుంది కాబట్టి. గీత కుదిరినంత మాత్రాన హిగుచి షరతులు మీ మాత్రకు వర్తించినట్టు కాదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రిలీజ్ గీత ఒక్కదాన్ని పట్టుకుని మెకానిజం తేల్చలేం. కనీసం అరడజను సమీకరణాలు ఆ గీతకు సరిపోతాయి. వేరే కొలతలు కావాలి.

లోపల జరిగేది ఇది. పొడి హెచ్‌పీఎంసీ గాజులాంటి స్థితిలో ఉంటుంది. దాని గ్లాస్ ట్రాన్సిషన్ 150 డిగ్రీల పైమాటే. నీళ్లు చొరబడేకొద్దీ అది దిగివచ్చి, 37 కంటే కిందికి పడిన చోట పాలిమర్ రబ్బరులా మారి ఉబ్బుతుంది. సగం ఉడికిన సగ్గుబియ్యం గింజను చూడండి, చుట్టూ పారదర్శకంగా జెల్, మధ్యలో తెల్ల చుక్క. ఆ చుక్క అంచు స్వెల్లింగ్ ఫ్రంట్. బయటి అంచు ఎరోజన్ ఫ్రంట్, అక్కడ పాలిమర్ గొలుసులు ఒకదాని చిక్కులోంచి ఒకటి విడిపోయి బాత్‌లోకి పోతుంటాయి. మందు తక్కువ కరిగేదైతే ఈ రెండింటి మధ్య మూడోది కూడా కనిపిస్తుంది, అది కరిగిన మందుకూ కరగనిదానికీ మధ్య గీత, డిఫ్యూజన్ ఫ్రంట్. ఇటలీలో పార్మా విశ్వవిద్యాలయం వాళ్లు పసుపు రంగున్న బుఫ్లోమెడిల్ పిరిడాక్సల్ ఫాస్ఫేట్‌ను వాడి, మాత్రను రెండు పారదర్శకమైన బిళ్లల మధ్య బిగించి, ఈ మూడు గీతలనూ కంటితో చూస్తూ కొలిచారు. మీకు మెట్‌ఫార్మిన్ కాబట్టి మూడో గీత కోసం వెతక్కండి.

ఇప్పుడు మేడమ్ ప్రశ్నకు. దీనికి సమీకరణాలు కూడా అక్కర్లేదు, ఒక ప్రయోగం చాలు. అదే పౌడర్ బ్లెండ్, అదే సాంద్రత, అదే ఆకారం, సైజు మాత్రం తగ్గించండి. 12 మి.మీ. బదులు 8 మి.మీ. పంచ్, మందం 4.4, బరువు 267 మి.గ్రా. అన్ని కొలతలూ మూడింట రెండు వంతులు అయ్యాయి. డిఫ్యూజన్‌కు పట్టే కాలం దూరం వర్గాన్ని బట్టి పోతుంది. ఎరోజన్‌కు పట్టే కాలం దూరాన్ని బట్టే పోతుంది. పెద్ద మాత్రలో 59 శాతం 4 గంటలకు వచ్చింది కదా. డిఫ్యూజన్ నడిపిస్తుంటే చిన్న మాత్రలో ఆ 59 శాతం 4 × 4/9, అంటే సుమారు 1 గంట 47 నిమిషాలకే వచ్చేస్తుంది. ఎరోజన్ నడిపిస్తుంటే 4 × 2/3, అంటే 2 గంటల 40 నిమిషాలు. మధ్యలో ఎక్కడో పడితే రెండూ కలిసి పనిచేస్తున్నట్టు. 0.51 చెప్పలేనిది ఇది చెబుతుంది.

డిఫ్యూజన్ వాటా పెద్దదే ఉంటుందని నా అంచనా. చిన్న లెక్క చూడండి. సగం మందం దాదాపు 3 మి.మీ., అంటే 0.3 సెం.మీ. బాగా ఉబ్బిన జెల్‌లో చిన్న అణువు డిఫ్యూజన్ గుణకం సెకనుకు 5 × 10⁻⁶ చదరపు సెం.మీ. అనుకుంటే, 0.09ని దానితో భాగిస్తే 18,000 సెకన్లు, 5 గంటలు. పన్నెండు గంటల్లో ఖాళీ అయ్యే మాత్రకు ఈ అంచనా నప్పుతుంది.

ఒక పక్కమాట. ఈ మాత్రలను విరచొద్దు, నమలొద్దు అని ప్యాక్ మీద రాసేది ఇందుకే. పెద్దగా ఉందని మన ఊళ్లలో సగానికి విరిచి మింగేవాళ్లు చాలామంది. విరిచిన ముఖం కొత్తగా నీళ్లకు తెరుచుకుంటుంది, మందు వెళ్లాల్సిన దూరం తగ్గిపోతుంది. ఇంకొందరు మలంలో మెత్తటి ముద్ద చూసి మందు అరగలేదని కంగారు పడతారు. మందు వెళ్లిపోయి మిగిలిన పాలిమర్ గుల్ల అది. గ్లూకోఫేజ్ ఎక్స్ఆర్ లేబుల్‌లోనే ఆ సంగతి రాసి ఉంటుంది.

---

గుంటూరు_ఎంఫార్మ్:

సార్, చాలా థాంక్స్. దూరం వర్గం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వేరే కొలతలు కావాలన్నారు కదా, మా ల్యాబ్‌లో టెక్స్చర్ ఎనలైజర్ లేదు, ఎమ్మారై సంగతి సరేసరి. హాట్ ఎయిర్ ఓవెన్, బ్యాలెన్స్, డిజొల్యూషన్ బాత్, యూవీ ఉన్నాయి. వీటితో ఏం కొలవగలను?

---

పాత_ఫార్ములేటర్:

ఓవెన్, బ్యాలెన్స్ ఉన్నాయి కదా, చాలు.

ప్రతి టైమ్ పాయింట్‌కూ మూడు కొత్త మాత్రలు. బాత్‌లోంచి తీసి, టిష్యూతో అంటీ అంటనట్టు అద్ది, తడి బరువు తూచండి. తర్వాత 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంత వరకు ఆరబెట్టి మళ్లీ తూచండి. తేడా ఎంతో లోపలికి వెళ్లిన నీళ్లు అంత. యూవీలో అప్పటికి ఎంత మందు బయటికొచ్చిందో తెలుసు కాబట్టి, ఆరిన బరువులోంచి మిగిలిన మందు తీసేస్తే మిగిలిన పాలిమర్, ఎంసీసీ వస్తాయి. అంటే ఒకే కాలానికి మీ దగ్గర మూడు అంకెలు: నీళ్లు, పాలిమర్, మందు. మోడల్‌కు కావాల్సింది ఈ మూడే.

ఇందులో మోసం చేసేది ఫాస్ఫేట్. బఫర్ జెల్‌లోకి వెళ్లి, నీళ్లు ఆరాక ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఎరోజన్ తక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలికెళ్లిన నీళ్ల బరువు నుంచి ఎంత ఉప్పు వచ్చి ఉంటుందో లెక్కేసి తీసేయండి.

ఇంకోటి, మాత్ర గిన్నె అడుగున అంటుకుపోతుందేమో చూడండి. కె100ఎం జెల్ గాజుకు గట్టిగా పట్టేస్తుంది. అడుగు ముఖం మూసుకుపోతే నీళ్లు ఒకవైపు నుంచే వెళ్తాయి. మీ సమీకరణమేమో రెండు ముఖాలూ తెరిచి ఉన్నాయనుకుంటుంది. సింకర్ (మాత్ర చుట్టూ వేసే తీగ చుట్ట) వాడండి. బాస్కెట్ జోలికి మాత్రం పోకండి, ఉబ్బిన మాత్ర జాలీకి ఒరుసుకుంటుంది.

గ్రాఫ్ పేపర్ మీద పెట్టి ఫోన్‌తో పైనుంచి, పక్కనుంచి ఫొటోలు తీస్తే వ్యాసం, మందం వస్తాయి. రెండూ ఒకేలా పెరగవు. నొక్కిన దిశలో ఎక్కువ ఉబ్బడం మామూలే.

మోడల్ విషయానికొస్తే, సీప్‌మన్, పెపాస్ వాళ్లు 1999 ప్రాంతంలో హెచ్‌పీఎంసీకి ఇచ్చిన రూపం మీకు సరిగ్గా సరిపోతుంది. మాటల్లో చెబితే: నీళ్లు ఫిక్ నియమం ప్రకారం లోపలికి, మందు ఫిక్ నియమం ప్రకారం బయటికి. కానీ ఇద్దరి డిఫ్యూజన్ గుణకమూ స్థిరం కాదు, ఆ చోట ఎంత నీరుందో దాన్నిబట్టి మారుతుంది:

గుణకం = పూర్తిగా ఉబ్బిన జెల్‌లోని గుణకం × ఎక్స్‌పొనెన్షియల్ [−బీటా × (1 − అక్కడి నీటి గాఢత / సమతుల్య నీటి గాఢత)]

వాళ్లు తేల్చిన బీటా నీటికి 2.5, మందుకు 9.5. పాలిమర్ ఉపరితలం నుంచి పోయే వేగం = ఒక స్థిరాంకం × అప్పటి ఉపరితల వైశాల్యం. మొత్తం ఘనపరిమాణం = మిగిలిన పాలిమర్ + మందు + నీరు. అంతే మోడల్.

తెలియని సంఖ్యలు మూడు: నీటి గుణకం, పాలిమర్ స్థిరాంకం, మందు గుణకం. మొదటి రెండూ బరువుల నుంచే తేల్చండి, రిలీజ్ డేటాను ముట్టకండి. ఆ తర్వాతే మందు గుణకాన్ని రిలీజ్‌కు ఫిట్ చేయండి. మూడూ ఒకేసారి రిలీజ్ గీతకు ఫిట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తారు, ఒకటి పెంచి ఒకటి తగ్గిస్తే అదే గీత.

కె4ఎం గ్రేడు హెచ్‌పీఎంసీతో కూడా చేసి ఉంటే ఇంకా మంచిది. 4,000, 1,00,000 అనేవి 2 శాతం ద్రావణం స్నిగ్ధతలు, ఇరవై అయిదు రెట్ల తేడా. అయినా రెండింటి రిలీజ్ దగ్గరదగ్గరగానే రావడం తరచూ చూస్తాం. మందు అణువుకు తగిలేది గొలుసుల మధ్య ఉన్న నీరు, గొలుసు పొడుగు కాదు. గొలుసు పొడుగు ప్రభావం ఎరోజన్ స్థిరాంకం మీద. కె100ఎల్‌వీ లాంటి పొట్టి గొలుసుల గ్రేడు పెడితే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

---

రాజమండ్రి_లెక్కల_మాస్టారు:

ఫార్మా నాకు తెలియదు. మా అమ్మాయి బీఫార్మ్ చదువుతోంది, తను ఈ థ్రెడ్ చూపించింది. ఇది కదిలే సరిహద్దు సమస్య. మంచుగడ్డ కరగడం మీద స్టెఫాన్ చేసిన లెక్కల కోవలోది. బైపీసీ అని భయపడకమ్మా.

అడ్డొచ్చేది ఒక్కటే. మాత్ర ఉబ్బుతుంటే నీ గ్రిడ్ కొలతలు కూడా మారుతుంటాయి. దీనికి రెండు దారులు. మొదటిది, దూరాన్ని అప్పటి వ్యాసార్ధంతో భాగించి 0 నుంచి 1 దాకా కొత్త చరరాశి తీసుకోవడం. సరిహద్దు ఎప్పుడూ 1 దగ్గరే ఉంటుంది, కానీ సమీకరణంలో ఒక అదనపు పదం వచ్చి చేరుతుంది, మొదటిసారి రాసేవాళ్లు దాని గుర్తు తప్పుగా రాస్తారు. రెండోది నాకు నచ్చింది. గ్రిడ్‌ను చోటుకు కాకుండా పాలిమర్‌కు కట్టెయ్. మాత్రను పొరలుగా విడగొట్టు, ఒక్కో పొరలో పాలిమర్ బరువు స్థిరం. నీళ్లు వచ్చినకొద్దీ పొర మందం దానంతటదే పెరుగుతుంది. ఎరోజన్ అంటే బయటి పొరలో పాలిమర్ తగ్గించడం, అది అయిపోతే ఆ పొరను తీసేయడం. పైథాన్‌లో ఒక లిస్టు చాలు.

మొదట రెండు దిశలు వద్దు. మందం దిశలోనే, ఒకటే డైమెన్షన్. అడుగు 0.05 మి.మీ. తీసుకుని, పైన చెప్పిన 5 × 10⁻⁶ పెడితే ఎక్స్‌ప్లిసిట్ పద్ధతికి కాలపు అడుగు 2.5 సెకన్లు దాటకూడదు. 12 గంటలంటే 17,000 పైచిలుకు అడుగులు, ల్యాప్‌టాప్‌కు అదేం లెక్క కాదు. కామ్‌సోల్ లాంటి సాఫ్ట్‌వేర్లు తర్వాత చూసుకోవచ్చు.

బీటా 9.5 అంటే పొడి చోటుకీ తడి చోటుకీ మందు గుణకం తేడా పదమూడు వేల రెట్ల పైన. పక్కపక్క పొరల మధ్య సగటు ఎలా తీస్తున్నావన్నది ముఖ్యం. హార్మోనిక్ సగటు వాడితే పొడి పొర అడ్డుగోడలా నిలబడి ఫ్రంట్ ఆగిపోయినట్టు కనిపించొచ్చు. అంకగణిత సగటు తీసుకో. పొరల సంఖ్య రెట్టింపు చేసి మళ్లీ నడుపు, జవాబు మారితే ఇంకా రెట్టింపు చెయ్. ప్రతి అడుగులోనూ లోపలి మందు, బయటి మందు కూడితే 500 రావాలి. 497 వచ్చిందంటే ఎక్కడో కారుతోంది, అది మాత్రలో కాదు, నీ కోడ్‌లో.

---

జీడిమెట్ల_ఆర్‌అండ్‌డీ:

ఒప్పుకుంటున్నా, ఇది బాగుంది. మా దగ్గర 500 నుంచి 1000 మి.గ్రా.కి స్కేల్ చేసేటప్పుడు ప్రతిసారీ మళ్లీ ట్రయల్స్ వేసుకుంటూ పోతాం. ఒక డౌట్ సార్, ఆకారం అచ్చంగా అదే ఉండాలన్నారు. మాకు 1000కి క్యాప్సూల్ ఆకారం పంచ్. అప్పుడు ఆ వర్గం లెక్క పనిచేస్తుందా?

---

పాత_ఫార్ములేటర్:

వర్గం లెక్క పనిచేయదు. ఆకారం మారిందంటే మోడల్ నడపాల్సిందే. కానీ గుండ్రటి మాత్ర మీద తేల్చిన ఆ మూడు స్థిరాంకాలు క్యాప్సూల్ ఆకారానికీ అవే, బ్లెండ్, సాంద్రత మారనంత వరకు. జ్యామితి మాత్రమే మారుతుంది. మోడల్ పెట్టుకుని లాభపడేది అక్కడే.

---

గుంటూరు_ఎంఫార్మ్:

మాస్టారూ, సార్, ఇద్దరికీ థాంక్స్. పొరల పద్ధతి నాకు అర్థమైంది, ఈ వారాంతం కోడ్ మొదలుపెడతాను. పంచ్‌ల దగ్గర ఇబ్బంది వచ్చింది. మా దగ్గర 8 మి.మీ. ఉంది కానీ అది కాన్‌కేవ్. ఫ్లాట్‌లో 10, 6 ఉన్నాయి. 10తో చేయొచ్చా? పెద్ద మాత్ర చేయడం అలవాటైంది, 6 అంటే మరీ చిన్నది.

---

పాత_ఫార్ములేటర్:

10 వద్దు. అక్కడ లెక్క 4 × 25/36, అంటే 2 గంటల 47 నిమిషాలు. ఎరోజన్ అయితే 3 గంటల 20 నిమిషాలు. మధ్య అరగంట తేడా. మాత్రకూ మాత్రకూ ఉండే తేడాలోనే అది మునిగిపోతుంది.

6 తీసుకోండి. అన్నీ సగం. మందం 3.3 మి.మీ., బరువు 112.5 మి.గ్రా. 59 శాతం డిఫ్యూజన్ అయితే 1 గంటకు, ఎరోజన్ అయితే 2 గంటలకు. ఎవరికైనా కనిపించే తేడా. ఒక మాత్రలో మందు 62.5 మి.గ్రా.యే కాబట్టి 900 మి.లీ.లో యూవీ రీడింగ్ తగ్గుతుంది, ఆ మేరకు డైల్యూషన్ తగ్గించుకోండి. మొదటి రెండు గంటలు పది నిమిషాలకోసారి శాంపిల్ తీయండి.

గట్టితనం చూసి కంప్రెషన్ సెట్ చేయకండి, చిన్న మాత్రకు అదే కిలోల గట్టితనం అంటే సాంద్రత ఎక్కువైపోతుంది. మందం 3.3 వచ్చేలా సెట్ చేయండి, సాంద్రత దానంతటదే కుదురుతుంది. రిలీజ్ వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి. కానీ బాత్‌లో వేయడానికి ముందే మీ కోడ్ ఏం చెప్పిందో కూడా రాయండి, తర్వాత కాదు.